సభాప్రసంగమున విరామము – శాస్త్రదృష్టి

విషయప్రవేశము

వాక్కనగా వర్ణముల వరుస మాత్రమే కాదు. పదముల నడుమను, వాక్యముల తుదను నిలుచు నిశ్శబ్దమును వాక్కునకు అంగమే. ఈ నిశ్శబ్దమునకు శాస్త్రకారులు సందర్భమునుబట్టి విరామమనియు, అవసానమనియు, విచ్ఛేదమనియు, యతియనియు పేరులిడిరి. పేరు గలదానికి లక్షణముండును; లక్షణము గలదానికి గుణదోషములుండును. కావున వక్త ఎచ్చట ఆగవలెను, ఎంతసేపు ఆగవలెను, ఎందులకు ఆగవలెను అను మూడు ప్రశ్నలకు శాస్త్రమున సమాధానము వెదకుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ప్రశ్నలు గ్రంథములకు పరిమితమైనవి కావు. హైదరాబాదు నగరమున నాంపల్లి, అబిడ్స్ పరిసరములు తెలుగు సభలకు కాణాచి. తిలక్‌రోడ్డునందలి సారస్వత పరిషత్తు, పబ్లిక్ గార్డెన్సున 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయము, ఆ దాపుననే 1961లో ఏర్పడిన రవీంద్రభారతి – ఇవన్నియు ఒకదానికొకటి చేరువనే కలవు. ఈ వేదికలపై మాటలాడువారిలో ప్రాచ్యకళాశాలలయందు చదివినవారనేకులు. వారికి శాస్త్రము కంఠస్థము, ఉచ్చారణము నిర్దుష్టము. అయినను కొందరి ప్రసంగము అరగడియ గడువకముందే సభ చెదరుటయు కలదు. కారణమును విచారించినచో తరచుగా ఒక్కటే కనబడును. వక్తకు చెప్పుట తెలియును; ఆగుట తెలియదు.

శబ్దశాస్త్రమున విరామస్థానము

పాణిని విరామమునకు అవసానమని సంజ్ఞ చేసెను (1.4.110). దానికి ముందు సూత్రముననే వర్ణముల అత్యంతసామీప్యమునకు సంహితయని పేరిడెను (1.4.109). ఈ రెంటిని పక్కపక్కన నిలుపుట గమనింపదగినది. కలియుట యెట్టిదో ఆగుటయు అట్టిదేయని దీని భావము. సంహితకు కార్యములున్నట్లే అవసానమునకును కార్యములు కలవు. రామశబ్దమునకు ప్రథమైకవచనమున కడపటి రేఫము విసర్గమగుట అవసానము పరమగుటచేతనే కదా. పాఠశాలలో అడుగిడిన బాలుడు మొట్టమొదట వల్లించు శబ్దరూపమే విరామమునకు ఫలము. ఆగుట యనునది పలుకుటను మార్చునని వానికి ఆనాడే బోధింపబడినది. కాని పెద్దవాడై వేదికనెక్కిన పిమ్మట ఆ పాఠమును మరచును.

విరామమునకు పరిమాణమును చెప్పినవి ప్రాతిశాఖ్యములు. తెలుగునాట అధికప్రచారము గల తైత్తిరీయశాఖకు చెందిన ప్రాతిశాఖ్యము విరామములను నాలుగు విధములుగా విభజించినది. ఋక్కు చివర మూడు మాత్రలు, పదము చివర రెండు మాత్రలు, రెండచ్చుల నడుమ ఒక మాత్ర, ఒకే పదములోని రెండచ్చుల నడుమ అర మాత్ర. మాత్ర యెంతయో తెలియుటకు పాణినీయశిక్ష ప్రాణుల కూతలను కొలతగా చూపినది. చాషము కూత ఒక మాత్ర, కాకి కూత రెండు, నెమలి కూత మూడు, ముంగిస కూత అర మాత్ర. చాషమనగా పాలపిట్ట, దసరానాడు తెలుగువారు దర్శింపగోరునది, నేడు తెలంగాణమునకు రాష్ట్రపక్షియైనది. ఈ రెండు గ్రంథములను కలిపి చూచినచో పదవిరామము కాకి కూతంత, ఋగ్విరామము నెమలి కూతంత యగును. నిశ్శబ్దమును శబ్దముతో కొలిచిన ఈ పద్ధతియందొక మర్మమున్నది. వేదపాఠకుడు ఆగినప్పుడును అతని లోపల మాత్ర నడచుచునే యుండవలెను. లోపల కాలము నడచుచున్న నిశ్శబ్దము విరామము. అది నడువని నిశ్శబ్దము తడబాటు. శ్రోతలు ఈ భేదమును క్షణములో గుర్తింతురు.

పాఠకుని గుణములను చెప్పునప్పుడు శిక్షాకారులు పదవిభాగమును, లయను, ధైర్యమును కూడ గణించిరి. ధైర్యమునకు పఠనముతో నేమి పనియని విద్యార్థులడుగుదురు. పలుకుచున్నంతసేపు మాటయే వక్తను కాపాడును. మాట నిలిచినప్పుడు వేయికన్నులు అతనిపై నిలుచును. అప్పుడు కావలసినది ధైర్యమే. వడివడిగా చదువుటను, అర్థమెరుగక చదువుటను, వ్రాతను చూచి చదువుటను దోషములుగా చెప్పుటలోని ఆంతర్యమును ఇదియే. ఈ మూడు దోషములును తొలుత విరామమునే చెరచును. వడి గలవానికి విరామము మిగులదు. అర్థమెరుగనివానికి దాని చోటు తెలియదు. వ్రాతను చూచువాడు పంక్తి ముగిసినచోట ఆగును గాని భావము ముగిసినచోట ఆగడు.

ఛందోయతి, తెలుగు యతి

ఇచ్చట తెలుగు విద్యార్థికి ప్రత్యేకముగా కలుగు ఒక భ్రమను విచారింపవలసియున్నది. సంస్కృతఛందస్సున యతి యనగా విచ్ఛేదము, ఆగుచోటు. శార్దూలవిక్రీడితమున పండ్రెండవ అక్షరముపై ఆగి, తక్కిన ఏడక్షరములను పలుకుదురు. అచ్చట పదము తెగకున్నచో యతిభ్రష్టమను దోషమును దండి మున్నగువారు చెప్పిరి. తెలుగున యతి యనగా విరామము కాదు, పాదాద్యక్షరముతో మైత్రి. శార్దూలమున పదుమూడవ అక్షరము, మత్తేభమున పదునాలుగవది, ఉత్పలమాలయందు పదియవది, చంపకమాలయందు పదునొకండవది యతిస్థానములు. సంస్కృత శార్దూలమున విరామము ముగిసినవెంటనే వచ్చు పదుమూడవ అక్షరమే తెలుగున మైత్రికి స్థానమైనది. ఆగుట పోయి, ఆగినచోటి గురుతు మిగిలినదన్నమాట. 1656లో అప్పకవి తన లక్షణగ్రంథమున యతిప్రాసలను అంత విపులముగా విచారించినను, ఆ విచారమంతయు అక్షరసామ్యమునకు సంబంధించినదే.

దీని ఫలితమేమి? తెలుగు పద్యమున పదము యతిస్థానమును దాటి పోవచ్చును. పాదాంతమును కూడ దాటి పోవచ్చును. సంస్కృతశ్లోకమున అర్ధాంతమందైనను విరామము నియతము. తెలుగు వృత్తమున పాదాంతవిరామము నియతము కాదు. నన్నయ నాటినుండి ఇదియే మార్గము. తిక్కన వాక్యములను పాదములమీదుగా పారించి, పాదమధ్యమున ముగించుట భారతమును పాఠము చెప్పువారందరెరిగినదే. ఇట్టి పద్యమును చదువుచు ప్రతి పాదాంతమున రాగము తీసి నిలుచు విద్యార్థి ఒక్క పదమును రెండు ముక్కలు చేయుచున్నాడు. పద్యపఠనపోటీలలో కంఠమాధుర్యమునకు బహుమానము లభించును. విరిగిన పదమును గూర్చి ఎవ్వరును అడుగరు. ఆ విద్యార్థియే రేపు వక్తయై, వచనమునందును అదే అలవాటున ఊపిరి తిరిగినచోట ఆగును. అర్థము నిండినచోట పరుగిడును.

అర్థమే విరామమునకు అధికారి

ఎచ్చట ఆగవలెనను ప్రశ్నకు సూటియైన సమాధానము నాట్యశాస్త్రమున లభించును. భరతుడు పాఠ్యగుణములను చెప్పుచు విరామమునకు అర్థమునే అధికారిగా నిలిపెను; ఛందస్సునకు ఆ అధికారము నీయలేదు. ఒకటి రెండు అక్షరములకే విరామము రావచ్చుననెను. దీర్ఘసమాసములు, వడిగా పలుకవలసిన పట్టులు, అనేకార్థములు క్రిక్కిరిసిన పట్టులు వచ్చినప్పుడు పాదాంతమున గాని ఊపిరినిబట్టి గాని ఆగవచ్చునని సడలింపునిచ్చి, తక్కినచోట్ల అర్థమునే అనుసరింపుమనెను. ప్రాణవిరామము అపవాదము, అర్థవిరామము ఉత్సర్గము. ఆధునిక వక్తలలో పలువురు ఈ రెంటిని తారుమారు చేసిరి.

అర్థము విరామమున ఎట్లు నిలుచునో ఒక చిన్న వాక్యమున చూడవచ్చును. ‘నిన్న సభకు వచ్చిన పండితుని శిష్యుడు మాటలాడెను.’ ‘నిన్న’ అని ఆగినచో మాటలాడుట నిన్న జరిగినది. ‘నిన్న సభకు వచ్చిన’ అని ఆగినచో సభకు వచ్చినవాడు శిష్యుడు. ‘నిన్న సభకు వచ్చిన పండితుని’ అని ఆగినచో వచ్చినవాడు పండితుడు. శిష్యుడు వచ్చెనో లేదో తెలియదు, నేడు మాటలాడినవాడు మాత్రమతడే. వర్ణములలో మార్పు లేదు, పదములలో మార్పు లేదు, అర్థములు మూడు. తెల్లనిది పరుగెత్తుచున్నదనియు, కుక్క ఇటనుండి పరుగెత్తుచున్నదనియు ఒకే ధ్వనిసముదాయమునకు రెండర్థములు వచ్చునని మహాభాష్యకారుడు చూపిన ఉదాహరణము ఈ జాతిదే. సంస్కృతమున పదవిభాగము చేయు పనిని తెలుగు వచనమున అన్వయవిభాగము చేయుచున్నది.

తాళపత్రములలో పదములకు నడుమ ఎడము లేదు. కామాలు, ప్రశ్నార్థకములు లేవు. దండము తప్ప వేరు గురుతు అరుదు. అందుచేత గ్రంథమును చేతబట్టి చదువుటయే ఒక పరీక్ష. శిష్యుడు ఆగినచోటునుబట్టి గురువు అతని బోధను కొలిచెడివాడు. అచ్చుపుస్తకములు వచ్చిన పిమ్మట విరామచిహ్నములు కంటికి దారి చూపుచున్నవి. ఇది సౌకర్యమే. కాని చిహ్నము కంటికొరకైనది, విరామము చెవికొరకైనది. అన్ని కామాలవద్దను ఆగనవసరము లేదు. కామా లేనిచోట తప్పక ఆగవలసివచ్చును.

ఆకాంక్ష, సన్నిధి

ఎంతసేపు ఆగవలెనను ప్రశ్నకు ప్రాతిశాఖ్యము చెప్పిన మాత్రలు వేదపాఠమునకు చెల్లును. సభాప్రసంగమునకు వానిని యథాతథముగా అన్వయింపరాదు. అచ్చట తోడ్పడునది శాబ్దబోధప్రకరణము. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని తార్కికులు చెప్పుదురు. ఒక పదము మరియొక పదమును కోరుట ఆకాంక్ష. పదములను విలంబము లేక పలుకుట సన్నిధి. గోవును తెమ్మని చెప్పదలచినవాడు జామునకొక పదము చొప్పున పలికినచో అర్థబోధ కలుగదని తర్కసంగ్రహమున అన్నంభట్టు చూపిన ఉదాహరణము ప్రసిద్ధము.

ఈ రెండు లక్షణములే వక్త విరామమునకు రెండు గట్లు. ఆగుటచేత ఆకాంక్ష పెరుగవలెను. ఆగుటచేత సన్నిధి చెడరాదు. శ్రోత మనస్సున ‘పిమ్మట నేమి?’ అను కోరిక పండునంతవరకు ఆగవచ్చును. ఆ కోరిక వాడి, ముందుమాట మరపునకు వచ్చుచున్నప్పుడు ఇంకను ఆగుట దోషము. కాబట్టి విరామపరిమాణమును గడియారము చెప్పజాలదు; శ్రోతల ముఖములు చెప్పును. భరతుడు కాకువును సాకాంక్షము, నిరాకాంక్షమని రెండుగా విభజించుట ఇచ్చట ఉపకరించును. వాక్యమధ్యమున ముఖ్యపదమునకు ముందు ఆగునది సాకాంక్షవిరామము. అప్పుడు గొంతు దింపరాదు. విషయము ముగిసినచోట ఆగునది నిరాకాంక్షవిరామము. అప్పుడు గొంతు దింపి శ్రోతకు విశ్రాంతినీయవలెను. మొదటిది శ్రోతను ముందునకు వంచును. రెండవది వెనుకకు చేరగిలజేయును. మొదటిదానియందు గొంతు దింపినవాడు ప్రసంగము ముగిసినదను భ్రాంతిని, రెండవదానియందు గొంతు ఎత్తినవాడు అలసటను కలిగించును.

నాంపల్లి సభలనుండి నేర్వదగినది

శాస్త్రము చెప్పినదానికి లోకమున నిదర్శనములను వెదకినచో హైదరాబాదు నగరమే చాలును. ఈ నగరమున ముషాయిరా సంప్రదాయము ప్రాచీనము. ఉర్దూ కవి షేరు మొదటి పాదమును చదివి నిలుచును. శ్రోతలు దానినందుకొని తిరిగి పలుకుదురు. కవి మరల ఆ పాదమునే చదివి, ఇంకొక క్షణము నిలిచి, రెండవ పాదమును విడుచును. అర్థమంతయు ఆ కడపటి పదములందు విరియును. సాకాంక్షవిరామమునకు దీనికంటె స్పష్టమైన ప్రయోగము దొరకదు. ఉర్దూ కవిత్వమును చవిచూచిన దాశరథి గాలిబును తెనిగించిరి. నారాయణరెడ్డి తెలుగున గజళ్లు వ్రాసి స్వయముగా పాడి వినిపించిరి. బుర్రకథయందు వంతలు అందుకొను తందానయు ఇట్టిదే. కథకునకది ఊపిరి, శ్రోతకు ఆకాంక్ష.

పబ్లిక్ గార్డెన్సునకు ఎదుట సైఫాబాదున ఆకాశవాణి కేంద్రమున్నది. రేడియోవక్తకు వేరొక కష్టమున్నది. శ్రోతకు అతని ముఖము కనబడదు. రెండు చేతులకును వేరు పని యున్నప్పుడు చూపులతోడను, అర్థమును చూపు విరామములతోడను వాచికాభినయము చేయుమని భరతుడు చెప్పెను గదా. రేడియోయందు ఆ చూపు కూడ లేదు, విరామమొక్కటే మిగిలినది. అది కొంచెము దీర్ఘమైనచో యంత్రము చెడినదని శ్రోత తలచును. ఇంత ఇరుకున విజయవాడ ఆకాశవాణినుండి రామాయణభారతములను ప్రవచించి ఉషశ్రీ (1928–1990) తెలుగువారి ఇండ్లలో నిలిచిరి. కంఠమొక్కటే సాధనమైనప్పుడు విరామమునకు ఎంత బలమున్నదో ఆ ప్రవచనములు తెలుపుచున్నవి.

కాని ఈ పరిసరములకు మరియొక నిశ్శబ్దముతోడను సంబంధమున్నది. 1921 నవంబరున అబిడ్సునకు చేరువనున్న వివేకవర్ధినీ ప్రాంగణమున ధోండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణసభ జరిగినది. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లభాషలలో ప్రసంగములు నిరాటంకముగా సాగెను. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగున మాటలాడనారంభింపగా సభలో కొందరు అల్లరిచేసిరి. వక్త ఆపివేయక తప్పలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావు ఇంట కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమునకు నాందిపలికిరి. ఈ వృత్తాంతమును మాడపాటి హనుమంతరావు తమ తెలంగాణా ఆంధ్రోద్యమచరిత్రలో నమోదుచేసిరి.

ఆ దినమున సభలో కలిగిన నిశ్శబ్దము విరామము కాదు. విరామమునకు కర్త వక్త. ఆ నిశ్శబ్దమునకు కర్త సభ. మాటలాడు అధికారము లేనివానికి ఆగు అధికారమును లేదు. ఆగి, మరల తన ఇచ్చవచ్చినప్పుడు మాటలాడగలనను నమ్మకము గలవాడే ఆగగలడు. ఆ నమ్మకమును సంపాదించుటకు తెలుగువారికి ఈ నగరమున చాల కాలము పట్టినది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినది. నేడది తెలంగాణ సారస్వత పరిషత్తుగా కొనసాగుచున్నది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడినది; 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరిడిరి. నేడు వేదిక కలదు, మైకు కలదు, వినుటకు వచ్చినవారు కలరు. అల్లరిచేసి ఆపువారు లేరు. అయినను వక్త తనను ఎవరో తరుముచున్నట్లు పరుగెత్తుచున్నాడు. పూర్వులు కష్టించి సంపాదించిన అధికారమును వాడుకొనక విడుచుట కాదా ఇది?

వక్తకును అధ్యాపకునకును

పైవిచారమునుండి అనుష్ఠానమునకు పనికివచ్చు కొన్ని విషయములు తేలుచున్నవి.

వేదికనెక్కినవెంటనే మాటలాడరాదు. నిలుచుండి, సభను ఒక చివరనుండి మరియొక చివరవరకు చూచి, శ్రోతల సవ్వడి తగ్గిన పిమ్మట సంబోధన చేయవలెను. సంబోధనకును ప్రథమవాక్యమునకును నడుమ మరల ఒక విరామము కావలెను. శ్లోకమును ఉదాహరించినప్పుడు దానికి ముందును వెనుకను ఆగవలెను. శ్లోకము ముగియకముందే తాత్పర్యమునకు దిగుట ప్రాచ్యకళాశాలల వక్తలలో మిక్కిలిగా కనబడు దోషము. శ్లోకము వక్తకు కంఠస్థము, శ్రోతకు కొత్తది. అది అతని చెవినుండి మనస్సునకు చేరుటకు వ్యవధి కావలెను. పేరులు, సంవత్సరములు, సంఖ్యలు చెప్పిన పిమ్మటను అంతే. ప్రశ్నను వేసినచో శ్రోత తన మనస్సున సమాధానమును వెదకుకొనునంతవరకు ఆగవలెను; వెంటనే తానే బదులు చెప్పువాడు ప్రశ్న వేయనక్కరలేదు. సభ నవ్వినప్పుడును, చప్పట్లు చరచినప్పుడును ఆ ధ్వని దిగుచుండగా అందుకొనవలెను. పెద్ద మందిరములలో మైకుధ్వని గోడలకు తగిలి మరలివచ్చును. అది అణగకముందే మరియొక వాక్యమును పలికినచో రెండును కలిసి ఏదియు వినబడదు.

విరామమునకు పరమశత్రువు ఊతపదము. ‘అంటే’, ‘మరి’, ‘అన్నమాట’, ‘ఏమిటంటే’ మొదలగునవి నిశ్శబ్దమునకు భయపడిన వక్త అందులో పోయు ఊక. కవి పాదపూరణమునకు వ్యర్థపదములను వాడినచో ఆలంకారికులు నిరర్థకదోషమనిరి. వక్త విరామపూరణమునకు వాడునవియు అట్టివే. ఊతపదమును మానుటకు ఉపాయము వేరొకటి లేదు. ఆ చోట ఊరకుండుటను అభ్యసింపవలెను.

తరగతిగదిలో ఈ అభ్యాసమునకు వేరు సామగ్రి అక్కరలేదు. అధ్యాపకుడొక పద్యమును తీసికొని, ముందుగా అన్వయమును చెప్పించి, పిమ్మట రెండు పర్యాయములు చదివింపవలెను. మొదటి పర్యాయము నడకను చూపుటకు గణవిభాగముతో. రెండవ పర్యాయము అర్థమునుబట్టి ఆగుచు. ఈ రెంటి భేదమును చెవితో విన్న విద్యార్థికి యతికిని విరామమునకును గల భేదమును మరల వివరింపనక్కరలేదు. పైన చూపిన వాక్యమువంటి వాక్యములను విద్యార్థులచేతనే కూర్పించి, ఒక్కొక్క విరామమునకు కలుగు అర్థమును చెప్పించుటయు మంచి పద్ధతి. అట్లే, ప్రసంగపాఠమును వ్రాసికొనివచ్చిన విద్యార్థిచేత దానిని మూయించి, విషయక్రమమును మాత్రము తలచుకొని మాటలాడింపవలెను. కాగితము లేనప్పుడు అతడు తలచుకొనుటకు ఆగును. ఆ ఆగుట సహజముగా అర్థసంధియందే కలుగును.

ఉపసంహారము

ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టుకొని పోవునప్పుడు, అవి జారిపోకుండగను గాయపడకుండగను జాగ్రత్తపడునట్లు వర్ణములను పలుకుమని శిక్షాకారులు ఉపదేశించిరి. విరామమునకును ఇదియే ఉపమానము చాలును. పట్టు బిగిసినచో మాటలు ఒకదానినొకటి నలుపును. వదలినచో అర్థము జారిపోవును. ఆకాంక్ష చెడక, సన్నిధి తెగక, అర్థము చెప్పినచోట ఆగుటయే వక్తృత్వమున విరామరహస్యము.

ఇది గ్రంథములలో గురుతులతో వ్రాసియుంచుటకు వీలైనది కాదు. గురువు ఆగినచోట శిష్యుడు ఆగి, ఎందుకాగెనో గ్రహించి నేర్చినది. వర్ణములను పుస్తకము కాపాడును. విరామమును కాపాడవలసినది పాఠము చెప్పువారి నోరే. ఆ బాధ్యత నేటి ప్రాచ్యకళాశాలల అధ్యాపకులది.